చిరునవ్వుకు చెంచాడు కొవ్వు

‘గ్రహణం విడిచేదాకా గడప దాటకు. కూరగాయలు తరగకు. కత్తెర ముట్టుకోకు.’

కడుపుతో ఉన్న అమ్మాయికి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటలివి. గ్రహణం రోజున కిటికీలకు దుప్పట్లు కట్టి, గర్భిణిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టిన ఇళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. అంత చేసినా పైపెదవి చీలి బిడ్డ పుట్టిందనుకోండి... ‘ఏ సందులోంచో బయటికి చూసే ఉంటుంది’ అంటూ తప్పు తీసుకెళ్లి తల్లి నెత్తినే పెడతారు. చివరికి మన భాషలో ఆ లోపానికి పేరు కూడా అదే స్థిరపడిపోయింది: గ్రహణం మొర్రి!

నిజానికి ఇందులో సూర్యుడి పాత్రా లేదు, చంద్రుడి పాత్రా లేదు. గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య బిడ్డ ముఖం రెండు పక్కల నుంచీ పెరుగుతూ వచ్చి ముక్కు కింద అతుక్కుంటుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలిసి ఉండదు. ఏదో ఒక కారణంతో ఆ అతుకు పడకపోతే పెదవి చీలికగా మిగిలిపోతుంది. వంశపారంపర్యం, తల్లికి మధుమేహం, పొగ, మూర్ఛకు వాడే కొన్ని మందులు... ఇలా కారణాల జాబితా చెబుతారుగానీ ఎక్కువమంది విషయంలో ‘ఇదిగో, దీనివల్లే’ అని వేలెత్తి చూపడం వైద్యుల వల్ల కూడా కాదు. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 700 మంది శిశువుల్లో ఒకరు చీలిన పెదవితోనో, అంగిలితోనో, రెండింటితోనో పుడుతున్నారు.

ఆపరేషన్‌తో ఇది సరవుతుందన్న సంగతి ఇప్పుడు పల్లెల్లోనూ తెలుసు. 2009లో ఆస్కార్ గెలుచుకున్న ‘స్మైల్ పింకీ’ డాక్యుమెంటరీ గుర్తుందా? ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ జిల్లాకు చెందిన చిన్నారి పింకీని బడిలో చేర్చుకోలేదు. తోటి పిల్లలు ఆడుకోవడానికి రానివ్వలేదు. వారణాసిలో ఉచితంగా ఆపరేషన్ చేశాక ఆ పాప అద్దంలో తన ముఖం తను చూసుకుంటుంది. కళ్లు చెమర్చకుండా చూడలేని సినిమా అది.

కానీ సినిమా ఎక్కడ ముగుస్తుందో చాలామంది పిల్లలకు అసలు కథ అక్కడే మొదలవుతుంది.

అతుకు పడింది... అయినా!

పెదవి చీలికను సాధారణంగా బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్య సరిచేస్తారు. దీనికి ‘పదుల లెక్క’ అని పాతకాలపు సూత్రం ఒకటుంది. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, రక్తంలో పది గ్రాముల హిమోగ్లోబిన్. ఈ మూడూ ఉంటే బిడ్డ మత్తుకు తట్టుకుంటుందని లెక్క. ఇక కుట్టే పద్ధతి... అమెరికా సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1950లలో కొరియాలో మెరైన్ దళాలతో పనిచేస్తూ రూపొందించి, 1955లో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో వివరించిన విధానమే నేటికీ ఎన్నో ఆసుపత్రుల్లో పునాది. చీలిక అంచుల్ని ఊరికే దగ్గరకు లాగి కుట్టెయ్యకుండా ఒక పక్క చర్మాన్ని కిందికి తిప్పి, రెండోపక్క చర్మాన్ని ఆ ఖాళీలోకి జరుపుతారు. గంటా రెండు గంటల్లో బిడ్డ ముఖం మారిపోతుంది. తల్లి చేతికిచ్చినప్పుడు ‘ఇది నా బిడ్డేనా’ అనిపిస్తుంది.

ఆ బిడ్డ పెరుగుతుంది. ముఖం పెరుగుతుంది. మచ్చ మాత్రం ముఖంతో సమానంగా సాగదు. పదిహేను, పదహారేళ్లు వచ్చేసరికి చిన్నప్పుడు ఎవరికీ కనిపించని తేడాలు అద్దంలో ఒక్కొక్కటిగా బయటపడతాయి. హాల్‌టికెట్ ఫొటో దిగేటప్పుడు నోరు గట్టిగా బిగించడం, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోతాయి. మగపిల్లలు మీసం వస్తే మచ్చ కప్పడిపోతుందని ఆశగా ఎదురుచూస్తారు. తీరా మీసం వచ్చాక చూస్తే మచ్చ ఉన్నచోట వెంట్రుక మొలవదు! దాచాలనుకున్న గీత నల్లటి మీసం మధ్యలో ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు మొదలయ్యేసరికి ‘ఆపరేషన్ చేయించాం కదండీ, పుట్టే పిల్లలకు రాదు కదా’ అన్న సంభాషణ పక్కగదిలో వినిపిస్తూనే ఉంటుంది. (తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే. అలాగని తప్పకుండా వస్తుందనుకోవడం పొరపాటు. ఎక్కువమందికి మామూలు పిల్లలే పుడతారు.)

ఇంతకీ ఏమిటా తేడాలు? అద్దం ముందు నిలబడి మీ పైపెదవిని ఒకసారి చూడండి. ముక్కు కిందినుంచి సన్నటి గాడి దిగుతుంది. దానికి అటూ ఇటూ పొలంగట్లలాంటి రెండు మిట్టలు. గాడి వచ్చి పెదవిని తాకేచోట విల్లులా వంపు. పాశ్చాత్యులు దాన్ని తమ మన్మథుడైన క్యూపిడ్ విల్లు అంటారు. ఎర్రగా ఉండే పెదవి మధ్యలో చిన్న బుడిపెలా కాస్త కండ. ముఖానికి అందమిచ్చేవి ఈ ఎత్తుపల్లాలే.

చీలిక కుట్టిన పెదవిలో ఇవే లోపిస్తాయి. ఒకవైపు గట్టు ఉండదు, దాని స్థానంలో చదునైన మచ్చ. రెండువైపులా చీలిక ఉన్నవాళ్లకైతే మధ్యలో కండే తక్కువ. పైపెదవి పలచగా బిగిసి లోపలికి పోయినట్టు, కిందిపెదవి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. కొందరికి నోరు మూసినా పెదవి మధ్యలో చిన్న సందు మిగిలి పళ్లు తొంగిచూస్తుంటాయి. ఈల వేస్తున్నట్టు ఉంటుంది కాబట్టి వైద్యులు దీన్ని ‘విజిల్ డిఫార్మిటీ’ అంటారు. ముక్కుపుట మొదలు దగ్గర గుంట పడటం మరో తేడా.

రవిక గుడ్డ చాలకపోతే...

కుదరని రవికను విప్పి మళ్లీ కుట్టమంటే దర్జీ ఏమంటాడు? ‘కుట్టగలనుగానీ కుట్టులోకి ఇంకాస్త గుడ్డ పోతుందమ్మా’ అంటాడు. మచ్చ కోసి తీసేసి మళ్లీ కుట్టే ఆపరేషన్లదీ అదే ఇబ్బంది. కొందరికి అది అవసరమే, మంచి ఫలితమూ ఇస్తుంది. కానీ ప్రతిసారీ కొంత చర్మం, కొంత కండ ఖర్చవుతాయి. అసలే చాలీచాలని పెదవి మరింత బిగుసుకుంటుంది.

చాలని గుడ్డకు అతుకు ఎక్కణ్నుంచి తేవాలి? న్యూయార్క్ సర్జన్ రాబర్ట్ అబ్బే 1898లో చెప్పిన జవాబు సాహసమే. కిందిపెదవి మధ్యలోంచి ముక్క కోసి, దాన్ని పూర్తిగా వేరుచేయకుండా పైపెదవికి తిప్పి కుట్టడం! కొత్తచోట రక్తప్రసారం కుదురుకునేదాకా రెండు మూడు వారాలపాటు పై పెదవీ కింది పెదవీ మధ్యలో అతుక్కునే ఉంటాయి. పక్కల్లోంచి జావ, పాలు తాగాలి. తర్వాత ఆ వంతెనను కోసేస్తారు. పైపెదవి మరీ చిన్నదైపోయిన వాళ్లకు ఇప్పటికీ ఇదే దిక్కు. కానీ ఈల సందు పూడ్చడానికీ, చదునైన గట్టును లేపడానికీ ఇంత యాతన దేనికి?

అలాంటివాళ్ల కోసం వచ్చిందే కొవ్వు వైద్యం. ఎవరి కొవ్వో కాదు, ఎవరి కొవ్వు వాళ్లదే. పొట్ట నుంచో, తొడ లోపలి వైపు నుంచో కాస్త తీసి పెదవిలో నింపుతారు. డాక్టర్లు ‘ఫ్యాట్ గ్రాఫ్టింగ్’ అంటారు. పెదవికి మొత్తం మీద పట్టేది సాధారణంగా ఒకటి నుంచి ఐదు మిల్లీలీటర్లు. అంటే మహా అయితే చెంచాడు!

నారు కట్ట కట్టగా పడేస్తే...

ఆలోచన కొత్తదేం కాదు. జర్మన్ సర్జన్ గుస్తావ్ న్యూబర్ 1893లోనే ఒక రోగి చేతి నుంచి కొవ్వు తీసి ముఖం మీద గుంటపడ్డ మచ్చ కింద పెట్టాడు. అప్పుడే ఆయన ఓ సంగతి గమనించాడు. చిన్న ముక్కలైతే నిలుస్తున్నాయి, పెద్దవైతే నిలవడం లేదు. ఆ మాట పట్టించుకోకుండా తర్వాతి తరాలవాళ్లు పెద్ద పెద్ద ముక్కలు పెట్టడం, అవి కరిగిపోవడం, ‘కొవ్వు నమ్మదగ్గది కాదు’ అని చేతులెత్తేయడం... ఇదే వరస. 1950లో లిండన్ పీర్ అనే అమెరికా వైద్యుడు తూకం వేసి మరీ తేల్చాడు. పెట్టిన కొవ్వులో ఏడాది తర్వాత మిగిలేది ఇంచుమించు సగమేనని.

1970ల చివర్లో, 80లలో ఇటలీ, ఫ్రాన్స్ వైద్యుల చేతుల్లో లైపోసక్షన్ రూపుదిద్దుకుంది. గొట్టంతో కొవ్వును పీల్చి తీయడం తేలికైంది. పీల్చి పారబోస్తున్న కొవ్వును వాడుకోవచ్చు కదా అన్న ఆలోచన మళ్లీ మొలిచింది. దాన్ని ఒక పద్ధతిలో పెట్టింది న్యూయార్క్ ప్లాస్టిక్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్. ఆయన చెప్పింది అర్థం కావాలంటే వైద్యం చదవక్కర్లేదు, వరినాట్లు చూసుంటే చాలు.

నారుమడి నుంచి పీకిన నారును పొలంలో కట్ట కట్టగా పడేస్తే ఏమవుతుంది? పైనున్నవి నాలుగు బతుకుతాయేమో, లోపలివన్నీ కుళ్లిపోతాయి. నాలుగేసి మొక్కలు తీసుకుని, ఎడమెడంగా బురదలోకి గుచ్చితేనే వేరు పట్టేది. కొవ్వూ అంతే! శరీరంలోంచి తీసిన మరుక్షణం దానికి రక్తం అందడం ఆగిపోతుంది. కొత్తచోట రక్తనాళాలు చిగురించి దాన్ని చేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పటిదాకా చుట్టూ ఉన్న కండలోంచి ఊరే ఆక్సిజనే ఆధారం. ఆ ఊట లోపలికి ఎంతో దూరం చేరదు. 2012లో టోక్యోలో యోషిమురా బృందం చూపించింది కూడా ఇదే. కొవ్వు ముద్దలో అంచున ఉన్న పలచటి పొర ఉన్నదున్నట్టు బతుకుతుంది. దాని లోపలి పొరలో పాత కణాలు చనిపోయినా మూలకణాల నుంచి కొత్తవి పుడతాయి. నడిమధ్యది చచ్చి, కరిగో గట్టిపడో పోతుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల వ్యవహారమే!

కాబట్టి కోల్‌మన్ పద్ధతిలో కొవ్వును ఒక్కచోట కుమ్మరించరు. మొద్దుగా ఉండే సన్నని గొట్టాన్ని పెదవిలోకి పోనిచ్చి, వెనక్కి లాగుతూ దారిపొడవునా చుక్క చుక్కగా వదులుతారు. మళ్లీ ఇంకో దారి. మళ్లీ చుక్కలు. ఒక్కో దఫాకు మిల్లీలీటర్లో పదోవంతు దాటకూడదన్నది ఆయన లెక్క. గొట్టానికి సూదిలాంటి మొన ఉండదు. అది రక్తనాళాల్ని చీల్చకుండా పక్కకు నెట్టుకుంటూ పోతుంది.

ముఖం మీద ముడతలు పోగొట్టడానికి, బుగ్గలు నింపడానికి మొదలైన ఈ పనితనం చీలిన పెదవుల దాకా రావడానికి మరికొంత కాలం పట్టింది. 2004లో చెక్ రాజధాని ప్రాగ్ సర్జన్లు గ్రహణం మొర్రి ఆపరేషన్ అయినవాళ్ల పెదవి, ముక్కు దగ్గర సొంత కొవ్వుతో చేసిన దిద్దుబాట్లను వైద్య పత్రికలో ప్రచురించారు. చీలిక చికిత్సలో ఇది ‘చివరి మెరుగు’ అన్నారు. ఆ తర్వాత పలు దేశాల్లో ఈ బాట పట్టారు. పసిబిడ్డకు మొదటి ఆపరేషన్ చేసేటప్పుడే కాస్త కొవ్వు పెట్టి చూస్తున్నవాళ్లూ ఉన్నారుగానీ, అది అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇంకా కాలేదు.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

పెద్దవాళ్లకైతే చాలావరకు ఆ చోటికి మాత్రమే తిమ్మిరెక్కించి చేసేస్తారు. పిల్లలకు మత్తు కావాలి. ముందు పొట్ట మీద, బొడ్డు దగ్గర మచ్చ కనిపించని చోట సూదిమొనంత రంధ్రం పెడతారు. మత్తుమందు, రక్తస్రావాన్ని తగ్గించే ఎడ్రినలిన్ కలిపిన సెలైన్‌ను చర్మం కిందికి ఎక్కిస్తారు. కాసేపు ఆగి, గొట్టం తగిలించిన పది మిల్లీలీటర్ల సిరంజితో చేత్తోనే నెమ్మదిగా పీలుస్తారు. సినిమావాళ్లు చేయించుకునే లైపోసక్షన్‌లా పెద్ద యంత్రాల హోరు ఉండదు. యంత్రం గట్టిగా పీలిస్తే కొవ్వు కణాలు చితికిపోతాయి మరి. ‘ఎలాగూ తీస్తున్నారు కదా, పొట్ట మొత్తం తగ్గించేయండి డాక్టర్’ అని అడిగేవాళ్లకు మాత్రం నిరాశే. తీసేది అయిదారు చెంచాలే!

ఆ సిరంజిలను సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి నిమిషానికి మూడు వేల చుట్ల చొప్పున మూడు నిమిషాలు తిప్పుతారు. మజ్జిగ చిలికితే వెన్న విడిపోయినట్టు సిరంజిలో మూడు పొరలు తేరతాయి. పైన పగిలిన కణాల నుంచి కారిన నూనె, అడుగున రక్తం కలిసిన నీరు, మధ్యలో పసుపుపచ్చటి కొవ్వు. పైదీ కిందదీ పారబోసి మధ్యదాన్ని ఒక మిల్లీలీటరు పట్టే చిన్న సిరంజిల్లోకి ఎక్కిస్తారు. కొందరు సర్జన్లు తిప్పడం మానేసి సెలైన్‌తో కడిగి వడపోస్తారు. ఏది మేలన్నదానిపై వాళ్లలో వాళ్లకు వాదనలున్నాయి.

అసలు పని ఇప్పుడు. నోటి మూలల దగ్గర చిన్న రంధ్రం చేసి, అక్కణ్నుంచి గొట్టాన్ని పెదవి పొడవునా పోనిస్తారు. లేని గట్టును లేపడానికి ఒక గీతగా, ఈల సందు దగ్గర ఎర్రటి పెదవి లోపల, ముక్కుపుట కింద గుంటలో... ఎక్కడ ఎంత లోటుందో అక్కడ అంత. మామూలు పెదవిలో గొట్టం వెన్నలో వేలిలా పోతుంది. కుట్టిన పెదవిలో అలా కాదు. మచ్చ లోపల చర్మాన్ని కండకు, కండను కండకు కట్టేసి ఉంచుతుంది. బండబారిన నేలను ముందు దున్నాలి కదా! చర్మం కింద సన్నటి పరికరంతో ఆ పట్టుల్ని కొద్దికొద్దిగా వదులు చేస్తూ, ఖాళీ అయినచోట కొవ్వును నాటుతారు. మరీ ఎక్కువ వదులు చేస్తే లోపల గుంత ఏర్పడి కొవ్వు అందులో ముద్దకడుతుంది. మరీ ఎక్కువ నింపితే ఒత్తిడికి రక్తం అందక నాటిందంతా పోతుంది. ఇక్కడే సర్జన్ చెయ్యి తెలిసేది. అంతా కలిపి గంట, గంటన్నర. కుట్లు ఒకటి రెండే. చాలామంది అదేరోజు ఇంటికెళ్లిపోతారు.

నవ్వొద్దు... వంద రోజులు!

నాలుగో శతాబ్దపు చైనాలో వీ యాంగ్ చీ అనే పద్దెనిమిదేళ్ల పేద కుర్రాడికి చీలిన పెదవి ఉండేదట. గవర్నర్ దగ్గరున్న వైద్యుడు కోసి కుట్టగలనన్నాడు. కాకపోతే వంద రోజులు పల్చటి జావ మాత్రమే తాగాలి, నవ్వకూడదు, మాట్లాడకూడదు అని షరతు పెట్టాడు. వందరోజులేం ఖర్మ, సగం జీవితం మాట్లాడకుండా ఉండమన్నా ఉంటానన్నాడు ఆ కుర్రాడు. చీలిక ఆపరేషన్‌కు సంబంధించి చరిత్రలో దొరికే తొలి కథనాల్లో ఇదొకటి. తర్వాత అతను పెద్ద పాలనాధికారి అయ్యాడని కూడా చెబుతారు.

పదహారు వందల ఏళ్ల తర్వాత కొవ్వు నాటిన డాక్టర్ చెప్పే మాటా ఇంచుమించు అదే. వంద రోజులు కాదుగానీ కొన్నాళ్లపాటు మెత్తటి తిండి తినండి, ఎక్కువ మాట్లాడకండి, గట్టిగా నవ్వకండి, పెదవిని నొక్కకండి అని. ఎందుకంటే పెదవికి క్షణం తీరిక ఉండదు. తినాలి, మాట్లాడాలి, ఊదాలి, ముడవాలి. కదలని నుదురు, బుగ్గ ఎముక దగ్గర నిలిచినంతగా కొవ్వు పెదవిలో నిలవకపోవడానికి అదో ముఖ్య కారణం. పొగతాగే అలవాటుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోయి నాటిన కొవ్వు పస్తులుండాల్సి వస్తుంది.

ఈ చికిత్సలో అందరికంటే ఓపిక కావాల్సింది ఆ తర్వాతి మూడు నెలల్లో. మొదటి వారం పెదవి తేనెటీగ కుట్టినట్టు ఉబ్బిపోతుంది. ‘ఇదేంటి, ఇంత పెద్దగా చేసేశారు’ అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. రెండు మూడు వారాలకు వాపు తీసి చక్కగా కనిపిస్తుంది. అందరూ బాగుందంటారు. సరిగ్గా అప్పుడే నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది! నెల తర్వాత అద్దంలో చూసుకున్నవాళ్లకు గుండె జారుతుంది. డబ్బు పోయి శని పట్టిందనుకుంటారు. నిజానికి అది లెక్కలో ఉన్నదే. నాటినదాంట్లో నిలిచేది మనిషిని బట్టి, మచ్చను బట్టి, చేసిన చేతిని బట్టి మూడోవంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా మారుతుంది. మూడు నుంచి ఆరు నెలలు గడిచాక మిగిలినది మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. అది చాలకపోతే రెండో విడత. మచ్చ గట్టిగా ఉన్నవాళ్లకు రెండు మూడు విడతలు మామూలే. ఈ సంగతి ముందే చెప్పని డాక్టర్‌ను, విని కూడా మర్చిపోయే కుటుంబాన్ని... ఇద్దర్నీ తప్పుపట్టాల్సిందే.

ఎదురుచూడని లాభం మరొకటి కనిపించింది. పైన గీతలా, గట్టిగా ఉన్న మచ్చ కొందరిలో మెత్తబడుతోంది. కొవ్వులో మూలకణాలున్నాయని అమెరికాలో ప్యాట్రీషియా జుక్ బృందం 2001లో గుర్తించింది. ఇటలీలో జీనో రిగోట్టి 2007లో, రేడియేషన్‌తో దెబ్బతిన్న రొమ్ము కణజాలం కొవ్వు ఎక్కించాక కోలుకుంటోందని చూపించాడు. పెదవి మచ్చ మెత్తబడటం వెనకా ఆ మూలకణాల చలవే ఉండొచ్చని సర్జన్ల ఊహ. ఊహే! ఈ ముక్కను పట్టుకుని ‘స్టెమ్‌సెల్ చికిత్సతో మచ్చ మాయం’ అంటూ బోర్డులు పెట్టేవాళ్లుంటారు. కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లో తప్ప మూలకణ చికిత్సల్ని పరిశోధన దశలోనే చూడాలని భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల్లోనే స్పష్టం చేసింది. మామూలు కొవ్వు నాటుకు ఆ పేరు తగిలించి రెట్టింపు బిల్లు వేస్తే లేచి వచ్చేయడమే మంచిది.

గోడ వంకరుండగా సున్నమెందుకు?

కొవ్వు అన్నిటికీ మందు కాదు. పెదవి చుట్టూ ఉంగరంలా తిరిగే కండరం మొదటి ఆపరేషన్‌లో సరిగ్గా కలవకపోతే ఎంత కొవ్వు పోసినా దండగే. అందుకే అనుభవమున్న సర్జన్ ముందుగా పెదవులు ముడవమంటాడు, ఈల వేయమంటాడు. మచ్చకు పక్కన కండ బుడిపెలా పొడుచుకొస్తే కండరం విడిగా ఉందన్నమాట. దాన్ని విప్పి కలపాల్సిందే. క్యూపిడ్ విల్లు గీత ఎగుడుదిగుడుగా ఉన్నా కత్తే దిక్కు. పెదవి ఎత్తే కురచైపోతే కొవ్వు దాన్ని పొడుగు చేయలేదు, మందం మాత్రమే ఇస్తుంది.

వరస కూడా ముఖ్యమే. పెదవి అనేది తెర అయితే పైదవడ దాని వెనకున్న గోడ. చీలికతో పుట్టిన పిల్లల్లో పైదవడ వెనకబడటం ఎక్కువ. చిగురు దగ్గర ఎముకలో ఖాళీ ఉంటే కోరపన్ను దిగకముందే, అంటే సాధారణంగా ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య తుంటి ఎముక నుంచి తీసి నింపుతారు. దవడను ముందుకు తెచ్చే ఆపరేషన్ అవసరమైతే ఎదుగుదల ఆగాక, పదహారు, పద్దెనిమిదేళ్లు దాటాక చేస్తారు. దవడ కదిలితే పెదవి వాలే తీరే మారిపోతుంది. గోడ సరిచేయకుండా సున్నం వేసినట్టు, ముందే కొవ్వు నింపేసుకుంటే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి. ఈల సందు వల్ల మరీ ఇబ్బందిపడే పిల్లలకు ముందుగా చేసే సందర్భాలూ లేకపోలేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కమిలిన మచ్చలు, కొన్నాళ్లు స్పర్శ తెలియకపోవడం, గడ్డల్లా తగలడం, చీము పట్టడం, అటూ ఇటూ సమానంగా రాకపోవడం... ఇవి అప్పుడప్పుడూ చూసేవే. చాలా అరుదుగా ముఖంలో ఎక్కించిన కొవ్వు రక్తనాళంలోకి దూరి చూపు పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మొనలేని గొట్టం, తక్కువ ఒత్తిడి, చుక్క చుక్కగా వదలడం అన్న నియమాలు ఆ ప్రమాదాన్ని తప్పించడానికి కూడా. అందుకే ఇది బ్యూటీపార్లర్ పక్కగదిలో చేయించుకునే పని కాదు. చీలిక పిల్లల్ని చిన్నప్పట్నుంచీ చూస్తున్న ప్లాస్టిక్ సర్జనో, ముఖ దవడ శస్త్రచికిత్స నిపుణుడో చెయ్యాల్సింది. మార్కెట్లో దొరికే హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్లూ పెదవిని నింపుతాయిగానీ కొన్ని నెలలకు కరిగిపోతాయి, మళ్లీ మళ్లీ కొనాలి.

ఖర్చు మాటేమిటి? మొదటి ఆపరేషన్‌కు మన దగ్గర దారులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లల్ని పరీక్షించి చికిత్సకు పంపే లోపాల్లో పెదవి, అంగిలి చీలికలు ఉన్నాయి. 2000 నుంచి మన దేశంలో పనిచేస్తున్న స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలు భాగస్వామ్య ఆసుపత్రుల్లో ఉచితంగా చేయిస్తున్నాయి. కొవ్వు నాటు దగ్గరికొచ్చేసరికే చిక్కు. ‘ఇది అందం కోసం’ అని బీమా కంపెనీ ఫైలు పక్కన పడేయొచ్చు. పుట్టుకతో వచ్చిన లోపానికి సాగుతున్న చికిత్సలో ఇదీ భాగమేనని సర్జన్ చేత రాయించుకుని, మొదటి ఆపరేషన్ కాగితాలు జతచేసి ముందుగానే అనుమతి అడగడం మేలు. ఇరవై ఏళ్ల కిందటి ఆ కాగితాలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయన్నదే అనుమానం! పసిబిడ్డకు ఈ మధ్యే ఆపరేషన్ చేయించిన తల్లిదండ్రులు ఆ డిశ్చార్జి కాగితాన్ని, ఆపరేషన్‌కు ముందు తీసిన ఫొటోను పారేయకుండా బీరువాలో దాచాలి. చూడ్డానికి బాధగా ఉందని చాలామంది మొదట చింపేసేది ఆ ఫొటోనే. పద్దెనిమిదేళ్ల తర్వాత పెదవిలో ఎక్కడ కండ తక్కువైందో సర్జన్‌కు చెప్పేది కూడా అదే.

చివరగా, కొవ్వు వేరుపట్టిన తర్వాత సర్జన్లు చేసే హెచ్చరిక ఒకటుంది. పొట్ట నుంచి వచ్చిన కొవ్వు పెదవికి చేరినా పొట్ట బుద్ధి మానదు. పెళ్లయ్యాకో, కాన్పయ్యాకో పది కిలోలు పెరిగితే పెదవిలో నాటిందీ పెరుగుతుంది. చిక్కిపోతే అదీ చిక్కుతుంది. అందుకని చెంచాడు కొవ్వు పెట్టేముందు వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న... ‘ఈ ఏడాదిలో మీ బరువు ఎంతెంత మారింది?’